సామాన్య పాఠకుడూ - మన రాతా

పహాడీ షరీఫ్ గుట్ట కింద నేను కాపురం పెట్టి ఏడేళ్లవుతున్నది. చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలం రోడ్డున వచ్చేవారికి ఈ గుట్ట దూరం నుంచే కనిపిస్తుంది. పైన బాబా షర్ఫుద్దీన్ దర్గా, దానికి పోయే మెట్లు, కింద పూల దుకాణాలు, చాయ్ హోటళ్లు, మెకానిక్ షెడ్లు. నెత్తిమీద ఎప్పుడూ దిగే విమానమో లేచే విమానమో ఉంటుంది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం పని మొదలుపెట్టినప్పటినుంచీ ఈ చుట్టుపక్కల జనానికి ఊడ్చే పనీ, మోసే పనీ, వంటశాలల పనీ, టాక్సీ నడిపే పనీ దొరికాయి. భూములు చేతులు మారాయి. కౌలు చేసుకున్నవాడు కాపలాదారయ్యాడు. ఇక్కడ దక్కనీ ఉర్దూ, తెలంగాణపు తెలుగు ఒకే అరుగుమీద కూర్చుంటాయి. నేను మాత్రం రోజూ బస్సెక్కి పోయి, కాలేజీలో పిల్లలకు తెలుగు సాహిత్యం చెప్పి, సాయంకాలానికి ఇల్లు చేరుకుంటాను. నా తెలుగు, వీళ్ల తెలుగు ఒకటేనని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం ఎట్లా పోయిందో చెప్పడానికే ఈ వ్యాసం.

పోయిన వర్షాకాలంలో ఒక సాయంత్రం మా పక్క సందులో ఉండే అవ్వ చేతిలో ఫోను పట్టుకొని వచ్చింది. ఆమె పాలమూరు పల్లెనుంచి మట్టి పనికి వచ్చి, మొగుడు పోయిన తరువాత ఇక్కడే నిలిచిపోయింది. వితంతు పింఛనే ఆమె బియ్యానికీ, మందులకూ ఆధారం.

"సారూ, గీ ఫోన్ల ఏందో వచ్చిందట. జెర చదివి చెప్పరాదు? మా పక్కింటి పిలగాడు మొత్తం చదివిండు గని, ఏం సమజ్ కాలే అన్నడు."

ఫోను అందుకొని చూశాను. ఒక కార్యాలయంవారు పంపిన కాగితం. పోలికకు చెప్పాలంటే ఆ వాక్యం నడక ఇది: పైన ఉదహరింపబడిన విషయమునకు సంబంధించి, నిర్ణీత గడువులోగా తగు ధ్రువీకరణ పత్రములను సంబంధిత అధికారి వారి సమక్షమున సమర్పించని లబ్ధిదారుల విషయమై తదుపరి చర్యలు నిబంధనల మేరకు చేపట్టబడును. ఇట్లాంటివి మూడు వాక్యాలు. నేను ఎం.ఏ. తెలుగు చదివినవాణ్ణి. పది పన్నెండేళ్లుగా పాఠాలు చెప్తున్నాను. అటువంటి నేనూ దానిని రెండుసార్లు చదువుకోవలసి వచ్చింది. అర్థమయ్యేసరికి గుండె జారిపోయింది. ఆ "నిర్ణీత గడువు" నాలుగు రోజుల కిందటే దాటిపోయింది.

ఆ పిల్లవాడు తప్పు చదివాడా? లేదు, ప్రతి అక్షరమూ ఒప్పుగానే చదివాడు. అతనికి ఒత్తులు తెలుసు, దీర్ఘాలు తెలుసు. కానీ అక్షరాలు కలిసి అర్థం కాలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదవనూ రాయనూ వచ్చినవారు ప్రతి 100 మందిలో సుమారు 67 మంది. మిగిలినవారి నిరక్షరాస్యతను గురించి మనం సభల్లో మాట్లాడుకుంటాం, మాట్లాడుకోవలసిందే. అయితే ఈ 67 మందిలో ఎందరికి మనం రాసేది అర్థమవుతున్నది అన్న ప్రశ్నను మాత్రం ఎవరూ వేసుకోరు. అక్షరం వచ్చి అర్థం రానివాణ్ణి ఏ లెక్కలో వేయాలి?

అవ్వ పింఛను మూడు నెలలు ఆగింది. ఆ మూడు నెలలూ ఆమె బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకున్నదని తరువాత తెలిసింది. మేము ఇద్దరం తోడుపోయి తిరిగి తిరిగి పింఛను మళ్లీ మొదలుపెట్టించాం గాని, ఆగిన మూడు నెలల డబ్బు రాలేదు.

నాకు కోపం వచ్చింది. రచయితకు కోపం వస్తే ఏం చేస్తాడు? వ్యాసం రాస్తాడు. నేనూ ఆ రాత్రే కూర్చుని రాశాను. మా విద్యార్థులు కొందరు బస్తీవాళ్ల కోసం నెలకొక రాత తయారుచేసి ఫోన్లలో పంపుతుంటారు. రేషను, కూలి రేట్లు, దవాఖానా వేళలు, స్కాలర్‌షిప్పుల సంగతులు అందులో ఉంటాయి. ఆ నెలకు నా వ్యాసమే వెళ్లింది. సంక్షేమ రాజ్యపు ముసుగులో ఉద్యోగస్వామ్యం అనుసరిస్తున్న భాషాపరమైన ఆధిపత్యాన్నీ, దాని వర్గ స్వభావాన్నీ, పాలక భావజాలపు పునరుత్పత్తిలో దాని పాత్రనూ సమగ్రంగా ఎండగట్టాను. రాసి, తృప్తిగా పడుకున్నాను.

మా విద్యార్థినుల్లో ఒకామె తల్లి విమానాశ్రయంలో ఒక కాంట్రాక్టరు కింద ఊడ్చే పని చేస్తుంది. ఏడో తరగతిదాకా చదివింది. రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చిన ఆమెకు కూతురు నా వ్యాసం చదివి వినిపించింది. రెండు పేరాలు విన్న తరువాత ఆమె కూతురిని ఒక ప్రశ్న అడిగిందట: "గిది గూడ ఆఫీసోళ్లే రాసిన్రా బిడ్డా?"

మరునాడు ఆ అమ్మాయి ఈ మాట నాతో చెప్పడానికి చాలా మొహమాటపడింది. చెప్పిన తరువాత క్షమించమన్నది. క్షమించవలసింది ఏముంది? ఇన్నేళ్ల నా రచనా జీవితంలో నాకు అందిన విమర్శల్లో ఇంత సూటి విమర్శ మరొకటి లేదు. పింఛను ఆపినవాడి రాతా, ఆపినందుకు తిట్టినవాడి రాతా ఆమె చెవికి ఒక్కలాగే వినిపించాయి. వాళ్లది "చేపట్టబడును", నాది "పునరుత్పత్తి". రెండింటికీ మధ్య ఆమెకు తేడా తెలియకపోతే తప్పు ఆమెది కాదు.

ఇక్కడ మనం కొంచెం వెనక్కి పోయి చూసుకోవాలి. గిడుగు రామమూర్తి (1863-1940) పేరు చెప్పుకోకుండా ఈ సంగతి సాగదు. ఆయనను మనం వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా తలుచుకుంటాం. ఆగస్టు 29న దండలు వేస్తాం. కాని ఆ ఉద్యమానికి ముందే ఆయన చేసిన పని ఒకటుంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, కొండల్లో ఉండే సవరల భాషను వారి దగ్గరే కూర్చుని నేర్చుకున్నాడు. సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు తయారుచేశాడు, బడులు పెట్టించాడు. అంటే పాఠకుడి దగ్గర తాను విద్యార్థి అయిన తరువాతనే ఆయన పాఠ్యపుస్తకం రాశాడు. తరువాత తెలుగు విషయంలో ఆయన చేసిన పోరాటం కూడా ఆ అనుభవం నుంచి వచ్చిందే. ఆయన సహాధ్యాయి గురజాడ 1914లో రాసిన అసమ్మతి పత్రం కూడా వాడుకభాష తరఫున చేసిన వాదనే. తాము మాట్లాడే భాషను తప్పని చెప్పి, ఎవరూ మాట్లాడని భాషను ఒప్పని నేర్పే చదువు ఎవరికోసమని వారి ప్రశ్న.

ఆ పోరాటం గెలిచిందని మనం అనుకుంటున్నాం. నిజమే, పత్రికలు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి. మన అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో తొలి మహాసభ జరుపుకొన్నప్పుడు అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావు వాడుకభాష కోసం పత్రికల్లో కొట్లాడినవాడే. అందుచేత ఈ వారసత్వం మనదని చెప్పుకోవడంలో తప్పులేదు. అయితే ఆ గెలుపు ఎంతవరకు వచ్చిందో నిజాయితీగా కొలుచుకోవాలి. నా ఉద్దేశంలో మనం క్రియలను మాత్రమే గెలుచుకున్నాం. "చేయుచున్నాడు" పోయి "చేస్తున్నాడు" వచ్చింది. నామవాచకాలు పాతచోటనే ఉన్నాయి. వాక్య నిర్మాణమైతే ఇంగ్లీషు నుంచి వచ్చి కూర్చున్నది. "చేయబడింది", "నిర్ణయించబడింది" అని రాసినప్పుడు చేసినవాడెవడు, నిర్ణయించినవాడెవడు అన్నది వాక్యంలోంచి మాయమవుతుంది. ఇది వట్టి వ్యాకరణ దోషం కాదు. "మీ పింఛను ఫలానా అధికారి ఆపాడు" అని రాస్తే అవ్వ ఎవరి దగ్గరికి పోవాలో తెలుస్తుంది. "నిలుపుదల చేయబడింది" అని రాస్తే ఆమె ఎవరిని అడగాలి?

మరొక సంగతి. ఏ వ్యావహారికం గెలిచింది? శిష్ట వ్యావహారికం అన్న పేరుతో నిలబడినది చాలావరకు కోస్తా జిల్లాల చదువుకున్న కుటుంబాల భాష. పహాడీ షరీఫ్‌లో జ్వరం వస్తే ఎవరూ "వైద్యశాల"కు పోరు, దవాఖానకు పోతారు. "ఇబ్బంది" అనరు, తక్లీఫ్ అంటారు. "అర్థమైందా" అనడం కంటే సమజైందా అనడమే ఎక్కువ. ఈ మాటలు మనకు రాతలో ఇంకా మైలగానే ఉన్నాయి. కథలో కూలివాడి నోట పెడతాం గాని మన వ్యాసంలో వాడం. ప్రభుత్వమే ఈ విషయంలో మనకంటె ఒక అడుగు ముందు వేసిందని చెప్పుకోవలసి రావడం కొంచెం సిగ్గుగానే ఉంది. 2018లో హైదరాబాదు బస్తీల్లో చిన్న ఆస్పత్రులు తెరిచినప్పుడు వాటికి "బస్తీ దవాఖానా" అని పేరు పెట్టారు. ఆ బోర్డును ఎవరూ ఎవరికీ వివరించి చెప్పవలసిన అవసరం రాలేదు.

అట్లాగని పరాయి మాటలన్నీ సులభమనీ, సంస్కృతం మాటలన్నీ కష్టమనీ నేను అనడం లేదు. ఈ నేలమీదనే దానికి ఎదురు ఉదాహరణ ఉంది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ఏర్పడింది. దేశభాషలో ఉన్నత విద్య చెప్పడం ఎంతో సాహసమైన పని. దానికోసం అనువాద శాఖ పెట్టి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. కాని పారిభాషిక పదాలను అరబ్బీ, ఫారసీల నుంచి కట్టుకుంటూ పోయారు. పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే సామాన్యుడికి ఆ పుస్తకాల ఉర్దూ ఎంత దూరమో, మన ప్రభుత్వ తెలుగు మనకు అంత దూరం. జబ్బు ఏ ఒక్క భాషకూ సొంతం కాదు. చదివేవాణ్ణి చూడకుండా, నిఘంటువును చూసి రాయడమే అసలు జబ్బు.

ఈ జబ్బు మనవాళ్లకు మాత్రమే అంటుకున్నదనుకోవడమూ పొరపాటే. 1942 ఫిబ్రవరిలో, ఒకవైపు జపాను సైన్యాలతో యుద్ధం సాగుతుండగా, యెనాన్‌లో మావో పనిగట్టుకొని ఒక ఉపన్యాసమంతా తమ పార్టీవాళ్ల మూస రాతను గురించి చేశాడు. పొడుగ్గా, డొల్లగా, ఎవరికోసం రాస్తున్నామో చూసుకోకుండా రాసే పద్ధతిని అందులో తప్పుపట్టాడు. యుద్ధం మధ్యలో భాష గొడవ ఏమిటని ఆనాడు ఎవరైనా అడిగారో లేదో గాని, జవాబు ఊహించడం కష్టం కాదు. జనానికి అర్థం కానివాడి వెంట జనం నడవరు.

అర్థమైతే ఏమవుతుందో మన నెల్లూరు జిల్లా చూపించింది. 1990ల తొలి సంవత్సరాల్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిపూట లాంతరు ముందు కూర్చుని ఆడవాళ్లు చదువుకున్న వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుడు వల్ల కూలిపోయిన ఒక సంసారం కథ. అందులో పెద్ద సిద్ధాంతమేమీ లేదు. రాజ్యం ఆబ్కారీ ఆదాయం మీద ఎట్లా బతుకుతున్నదో లెక్కలూ లేవు. చదివిన ఆడవాళ్లు మాత్రం ఇది మా కథే అన్నారు. తమ ఊళ్లో సారా దుకాణం ఎందుకుండాలని అడిగారు. దూబగుంట ఆడవాళ్లు సారాను ఊళ్లోకి రానీయకుండా అడ్డుకున్నారు. ఆ గెలుపు మళ్లీ తరువాతి వాచకంలో ఒక పాఠమైంది. అది చదివి మరికొన్ని ఊళ్లు లేచాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించవలసి వచ్చింది. తరువాత ఆ నిషేధాల గతి ఏమైందన్నది వేరే చరిత్ర. ఇక్కడ నేను ఎత్తిచూపదలచింది ఒక్కటే. రాజ్యం ఖజానాను కదిలించిన ఆ పాఠం, అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆడవాళ్లు చదవగలిగిన పాఠం. మన సంచికల్లో అచ్చైన ఏ వ్యాసం ఒక సారా దుకాణాన్ని మూయించింది?

ఈ సంగతే ఒకనాడు మా కాలేజీ స్టాఫ్ గదిలో చెప్తే, అర్థశాస్త్రం చెప్పే నా మిత్రుడు ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరం తేలిగ్గా తీసేయదగింది కాదు. "మీరు చెప్పేది పింఛను కాగితానికి సరిపోతుంది. సిద్ధాంతానికి సరిపోదు. శాస్త్రానికి దాని పదజాలం ఉంటుంది. కష్టపడి నేర్చుకోవాలి. ప్రజల స్థాయి పెంచాలిగాని, మనం దిగిపోకూడదు" అన్నాడు ఆయన.

నేను ఆయనకు మార్క్స్ ఉత్తరం ఒకటి గుర్తుచేశాను. పెట్టుబడి గ్రంథం ఫ్రెంచి అనువాదాన్ని విడివిడి భాగాలుగా, తక్కువ ధరకు వేద్దామని ప్రచురణకర్త ప్రతిపాదించినప్పుడు, 1872 మార్చిలో మార్క్స్ దానికి సంతోషంగా సమ్మతించాడు. ఆ రూపంలో పుస్తకం కార్మికులకు ఎక్కువగా అందుతుందనీ, తనకు అన్నిటికంటె అదే ముఖ్యమనీ రాశాడు. అదే ఉత్తరంలో, తొలి అధ్యాయాలు కష్టంగా ఉంటాయనీ, శాస్త్రానికి రాచబాట లేదనీ కూడా హెచ్చరించాడు. నా మిత్రుడు రెండో మాట పట్టుకున్నాడు, నేను మొదటి మాట పట్టుకున్నాను. కాని ఇంటికి వచ్చే దారిలో నాకు తోచింది, ఆ రెండు మాటలూ ఒకే మనిషి ఒకే ఉత్తరంలో రాశాడని. రెండింటినీ కలిపి చదవాలి. మా గుట్ట సంగతే చూడండి. దర్గాకు పోయేవారికోసం ఎవరూ గుట్ట ఎత్తు తగ్గించలేదు. రాతి మెట్లు కట్టారు. ముసలివాళ్లు మధ్యమధ్య కూర్చుంటూ ఎక్కుతారు. విషయానికి సహజంగా ఉండే కష్టం వేరు, మనం తెచ్చిపెట్టే కష్టం వేరు. మొదటిదాన్ని పాఠకుడితో కలిసి ఎక్కాలి, రెండోదాన్ని మనమే తీసివేయాలి. మనం తరచు రెండోదాన్ని చూపించి మొదటిదని చెప్పుకుంటున్నాం.

ఇది వట్టి వాదన కాకూడదని ఒక ఆదివారం ప్రయత్నించి చూశాను. నా విద్యార్థిని తల్లి దగ్గర కూర్చుని "మిగులు విలువ" అన్న మాట ఎత్తకుండానే మొదలుపెట్టాను. "అక్కా, నువ్వు ఎనిమిది గంటలు పని చేస్తావు. నీకు వచ్చే జీతం ఎన్ని గంటల పనికి సరిపోతుందనుకుంటున్నావు?" ఆమె ఆలోచించింది. ఒక మనిషిని పెట్టినందుకు కాంట్రాక్టరుకు ఎంత ముట్టుతుందో, తన చేతికి ఎంత వస్తుందో ఆమెకు నాకంటె బాగా తెలుసు. వేళ్లమీద లెక్కపెట్టి, "మిగిలిన గంటలు నేను ఆయనకు ఉత్తగ చేస్తున్నట్టేనా సారూ?" అన్నది. ఆ తరువాత, "ఆయనొక్కనికేనా, ఆయన మీదోనికి గూడనా?" అని తానే ముందుకు పోయింది. అప్పుడు చెప్పాను, దీనికి పుస్తకాల్లో మిగులు విలువ అని పేరని. ఆ మాట ఆమెకు కష్టం కాలేదు. ముందు వస్తువు చేతికి వచ్చింది, తరువాత పేరు వచ్చింది. మనం క్లాసులో చేసేది దీనికి తలకిందులు.

ఆ ఉత్సాహంతో నా పాత వ్యాసాన్నే తిరగరాయడానికి కూర్చున్నాం. మేము అంటే నేనూ, ఆమే, ఆమె కూతురూ, అవ్వా, ఎదురింటి ఆటో నడిపే తమ్ముడూ. పద్ధతి చాలా మామూలుది. కూతురు పైకి చదవాలి. వినేవాళ్లు ఎక్కడ ఆగమంటే అక్కడ గీత పెట్టాలి. మొదటి పేజీలోనే ఇరవైకి పైగా గీతలు పడ్డాయి. "ధ్రువీకరణ పత్రం" దగ్గర ఆపారు, "సర్టిఫికెట్" అన్నారు. "గడువు" అన్న మాట కష్టమనుకున్నాను, అది అందరికీ తెలుసు. "సమర్పించు" అంటే గుళ్లో చేసేదనుకున్నారు. "లబ్ధిదారు" అంటే ఎవరో దండిగా లాభం పొందినవాడేమోనని అవ్వ నవ్వింది. ఏది సులభమో ఏది కష్టమో నా అంతట నేను కూర్చుని చెప్పలేనని ఆనాడు తెలిసింది. దాదాపు సగం చోట్ల నా అంచనా తప్పింది.

మాటల కంటె పెద్ద చిక్కు వరసలో ఉన్నది. నేను చరిత్రతో మొదలుపెట్టి, కారణాలు చెప్పి, చివరికి చేయవలసిన పని చెప్పాను. ఆటో తమ్ముడు అన్నాడు, "సార్, ముందుగాల ఏం చెయ్యాల్నో చెప్పున్రి. ఎందుకన్నది తర్వాత ఇంటం." కనుక తిరగరాసినదానిలో మొదటి నాలుగు వాక్యాలు ఇవి: ఎక్కడికి పోవాలి, ఏ తారీఖులోపల, ఏ కాగితాలు తీసుకొని, ఇయ్యకపోతే ఏమవుతుంది. ఆ తరువాతనే ఈ తిప్పలు మనకు ఎందుకు వచ్చాయన్న మాట. నాలుగు పేజీల వ్యాసం ఒక పేజీ అయింది. తగ్గిన మూడు పేజీల్లో నా పాండిత్యం తప్ప మరేదీ పోలేదు.

రాత ఫోను తెరమీదికి వచ్చిన తరువాత మరికొన్ని చిక్కులు వచ్చాయి. వాటిని సాంకేతిక నిపుణులకు వదిలేసి మనం తప్పుకోకూడదు. తెలుగు తెరమీదికి తేలిగ్గా రాలేదు. ఒకప్పుడు ఒక్కొక్క పత్రికకూ ఒక్కొక్క ఫాంటు. ఆ ఫాంటు మన దగ్గర లేకపోతే అక్షరాల బదులు పిచ్చిగీతలు కనిపించేవి. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగుకు చోటు దొరికినా, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ వంటివాటితోనే అది మామూలు కంప్యూటర్లకు చేరడం మొదలైంది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇదంతా చాలామంది జీతం లేకుండా చేసిన కృషి ఫలితం. అయినా తెలుగు అక్షరమంటే యంత్రాలకు ఇంకా బెరుకు పూర్తిగా పోలేదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరపు ఒక రూపం సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో ఆ సందేశాలు చూపే సాధనం కుప్పకూలిపోయేది. కంపెనీవారు తొందరలోనే సరిచేశారు. జ్ఞానంలోని మొదటి అక్షరానికే యంత్రం పడిపోయిందని మా పిల్లలు నవ్వుకున్నారు.

అవ్వ ఫోనుకు వచ్చిన కాగితంలో ఉన్న చిక్కు ఇంకొకటి. అది అక్షరాలుగా రాలేదు, కాగితాన్ని ఫోటో తీసి పంపారు. మనకు రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. ఫోనుకు మాత్రం ఒకటి అక్షరం, మరొకటి బొమ్మ. అక్షరాలైతే పెద్దవి చేసుకోవచ్చు, వాటంతట అవి తెర వెడల్పుకు సర్దుకుంటాయి. వెతికితే దొరుకుతాయి. అన్నిటికంటె ముఖ్యం, ఫోనే వాటిని పైకి చదివి వినిపించగలదు. కేవలం బొమ్మగా పంపినప్పుడు ఈ సౌకర్యాలన్నీ చిక్కుల్లో పడతాయి. పెద్దది చేస్తే వాక్యం సగం తెర బయటికి పోతుంది, ముసలి కళ్లు వరసను పోగొట్టుకుంటాయి. అచ్చులో తెలుగు ఒత్తులకు వరసల మధ్య ఎడం ఎక్కువ కావాలని కంపోజిటర్లకు తెలుసు. తెరమీద ఆ ఎడం పెట్టే కంపోజిటరు ఇప్పుడు మనమే. మా బస్తీ రాతను ఇప్పుడు అక్షరాలుగానే పంపుతున్నాం. ఒక్కొక్క పేరా నాలుగు వాక్యాలు దాటనీయడం లేదు. మా విద్యార్థులు దానిని చదివి రికార్డు చేసి గొంతుకూడా పంపుతున్నారు, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. చదవలేని తల్లులు పనిచేసుకుంటూ వింటున్నారు.

ఇది మేము దయతో చేస్తున్న సేవ కాదు. జనానికి ఉన్న హక్కు. 2005 సమాచార హక్కు చట్టమే, ప్రభుత్వ కార్యాలయాలు సమాచారాన్ని స్థానిక భాషనూ, జనానికి బాగా చేరే పద్ధతినీ చూసుకొని అందించాలని చెప్తున్నది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి తీసుకునే ముందు ప్రకటన స్థానిక భాషలో ఊరికి అందాలి. 2017 నవంబరులో తెలంగాణ శాసనసభ రాష్ట్రమంతటికీ ఉర్దూను రెండో అధికార భాషగా ఆమోదించింది. విమానాల నీడలో భూములు పోగొట్టుకున్న ఈ ప్రాంతంలో ఆ హక్కు విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు. అయితే ప్రకటన తెలుగు లిపిలో ఉంటే స్థానిక భాషలో ఉన్నట్టేనా? అవ్వకు వచ్చిన కాగితమూ తెలుగు లిపిలోనే ఉన్నది. అర్థమయ్యే తెలుగు కావాలని అడగవలసినవాళ్లం మనం. అడిగే ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి గదా!

తెలంగాణలో అందుకు దారి చూపినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకొని ఊరూరూ తిరిగి అమ్మాడు. కొనేవాడి ముఖం చూసి అమ్మిన మనిషికి ఏ పుస్తకం ఎవరికి ఎక్కుతుందో తెలియకుండా ఉండదు. మనం ఇప్పుడు మీట నొక్కితే రాత వేయిమందికి పోతుంది. వేయిమందిలో ఒక్కరి ముఖమూ మనకు కనిపించదు. ఎంతమందికి చేరిందన్న అంకె కనిపిస్తుంది, అంతే. ఎంతమందికి అర్థమైందన్న అంకెను ఏ యంత్రమూ చూపదు.

కనుక సోదర రచయితలకూ, అధ్యాపకులకూ, విద్యార్థి మిత్రులకూ నా మనవి ఒకటే. రాసినదాన్ని అచ్చుకో తెరకో పంపేముందు, కాలేజీ గడప తొక్కని ఒక్క మనిషికి పైకి చదివి వినిపించండి. వారు ఆపిన చోట వాదించకండి, గీత పెట్టుకోండి. వారికి పాఠం చెప్పడానికి పోయి, మనమే పాఠం నేర్చుకొని వచ్చే అవకాశం ఎక్కువ. దీనివల్ల మన శైలి దిగజారుతుందన్న భయం నాకూ ఉండేది. దిగజారేది శైలి కాదు, అహంకారం.

నేను చెప్పినదాన్ని నేనే పాటించానా అని మీరు అడగవచ్చు. ఈ వ్యాసాన్ని కూడా పోయిన ఆదివారం నా విద్యార్థిని తల్లికి చదివి వినిపించాను. నైట్ డ్యూటీ చేసివచ్చి కూడా ఓపికగా విన్నది. నెల్లూరు ఆడవాళ్ల దగ్గర లేచి కూర్చుని, "గదీ కావాలె మాకు. ఆ కథ మొత్తం రాయున్రి" అన్నది. గురజాడ అసమ్మతి పత్రం దగ్గరా, ఉస్మానియా దగ్గరా ఆమె కళ్లు మూతలు పడ్డాయి. చివరికి అడిగాను, ఎట్లా ఉందని. "సగం మాకు రాసిన్రు సారూ. సగం మీలో మీరే మాట్లాడుకున్నరు" అన్నది.

ఈ సంచిక చదివేది మీరే గనుక ఆ రెండో సగాన్ని ఉంచాను. నెల్లూరు కథ మాత్రం ఆమె అడిగినట్టు వేరుగా రాస్తున్నాం. వచ్చే ఆదివారం మొదటి ప్రతి చదువుతాం. అవ్వ కూడా వస్తానన్నది.